ఆరో తరగతికి ముగ్గు పాఠం: వారానికి ఒక్క పీరియడ్‌తో ఏం చేయొచ్చు?

నల్లబల్ల
అందరికీ నమస్కారం. ఆరో తరగతి, 40 మంది పిల్లలు, వారానికి ఒకే ఒక్క 40 నిమిషాల డ్రాయింగు పీరియడ్. డ్రాయింగు మాస్టారి పోస్టు లేని బళ్లలో ఆ పీరియడ్ లెక్కల టీచరుకో తెలుగు టీచరుకో పడుతుంది. అప్పుడు బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు. పిల్లలు దించుకుంటారు, ఏడాది పొడుగునా అదే బొమ్మ. ఆ పిల్లల ఇళ్ల ముందు మాత్రం పొద్దున్నే ఎవరో ఒకరు వంగి ముగ్గు వేస్తూనే ఉంటారు. ఆ చేతిలో ఉన్న విద్యను బడిలోకి తీసుకురావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఆరు వారాలు అనుకుందాం. పిండి పట్టుకోవడం దగ్గర్నుంచి మార్కుల దాకా తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

వాకిలి
ముందు పిండి సంగతి. అంగట్లో దొరికే రాతిపొడి, ఇంట్లో బియ్యప్పిండి రెండూ చేతిలో ఒకేలా ప్రవర్తించవు. ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేట గనుల ముగ్గురాయి బెరైటీస్. చాలా బరువైన రాయి కనుక దాని పొడి గాలికి అంతగా లేవదు, గీత పడ్డచోటే కూర్చుంటుంది. అయితే ప్యాకెట్లలో వచ్చేదంతా ఆ రాయే కాదు, సుద్దలాంటి తేలిక పొడులూ కలుస్తాయి. రాతిపొడి ఏదైనా మూసిన గదిలో వద్దు, వరండాలోనో చెట్టు కిందో వేయించండి. 40 మంది ఒకేసారి దులిపితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పిల్లల చేతికి బియ్యప్పిండే మంచిది. కాకపోతే మరీ మెత్తటి పిండి వేళ్లకు అంటుకుని ఉండలు కడుతుంది. కాస్త బరకగా పట్టించి, ఎండలో ఒక గంట ఆరబెట్టి, జల్లించి ఇవ్వండి. నాలుగు పాళ్ల పిండికి ఒక పాలు సన్నని పొడి ఇసుక కలిపితే ఇంకా సాఫీగా జారుతుంది.

ఇక పట్టు. చూపుడు వేలి మొదటి కణుపు మీద పిండి, దాని మీద బొటనవేలు, కింద మధ్యవేలు ఆసరా. వదిలేది బొటనవేలే, చూపుడు వేలు కదలదు. బొటనవేలిని మెల్లగా కదుపుతూ పిండిని కొద్దికొద్దిగా జారవిడవాలి. చెయ్యి నేలకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పిల్లలు చేసే మొదటి తప్పు చెయ్యి మరీ పైకెత్తడం, దాంతో గీత చెదిరి వెడల్పవుతుంది. రెండోది భయంతో నేలకు ఆనించడం, అప్పుడు వేలు వేసిన గీతనే చెరిపేస్తుంది. మూడోది పిడికిలి నిండా పట్టడం. చిటికెడు పిండితో ఒక జానెడు గీత వస్తుంది, అయిపోగానే మళ్లీ తీసుకోవాలి. గీత ఎక్కడ ఆగిందో అక్కడే కాకుండా అర సెంటీమీటరు వెనక నుంచి అందుకుంటే అతుకు కనపడదు.

నేల కొద్దిగా చెమ్మగా ఉండాలి. నీళ్లు నిలిస్తే పిండి తేలి గీత అంచు కరిగిపోతుంది. బొత్తిగా ఎండితే ఎవరైనా పక్క నుంచి నడిచినా లేచిపోతుంది. సిమెంటు నేల మీద చల్లి, చీపురుతో ఒకసారి ఊడ్చి, పది నిమిషాలు ఆగితే సరిగ్గా ఉంటుంది.

మొదటి వారం ముగ్గే వద్దు. 30 సెంటీమీటర్ల నిలువు గీతలు పది, అడ్డ గీతలు పది, అరచేతి వెడల్పు సున్నాలు పది, అంతే. ఈ మెట్టు దాటేసి నేరుగా డిజైనుకు పోతే పిల్లల దృష్టంతా పిండి మీదే ఉంటుంది, రూపం మీదికి పోదు.

గళ్లకాగితం
వాకిలి గారు చేతి సంగతి చెప్పారు, నేను చుక్కల సంగతి చెప్తాను. చుక్కలు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. పై వరుస చుక్కకు సరిగ్గా కింద చుక్క పెడితే సరి చుక్క, రెండు చుక్కల సందులో పెడితే సందు చుక్క. "7 చుక్కలు, 4 వరకు, సందు చుక్క" అంటే నడిమి వరుసలో 7, పైకి 6, 5, 4, కిందికి 6, 5, 4. మొత్తం 37. ఆరు మూలల ఆకారం వస్తుంది. "7 చుక్కలు, 1 వరకు, సరి చుక్క" అంటే 1, 3, 5, 7, 5, 3, 1. మొత్తం 25. పిల్లలకు లెక్క ముందే చెప్పకండి, పెట్టాక లెక్కపెట్టమనండి. 37 రాకపోతే ఎక్కడ తప్పిందో వాళ్లే వెతుకుతారు.

పై వరుస నుంచి మొదలుపెడితే కిందికి వచ్చేసరికి పక్కకు ఒరిగిపోతుంది. ఎప్పుడూ నడిమి పొడుగు వరుసే ముందు. కొలతకు ఒక పురికొస మీద 10 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున ఏడు ముడులు వేసి నేల మీద బిగబట్టి, ప్రతి ముడి దగ్గరా ఒక చుక్క. ఇక్కడో మెలిక ఉంది. సందు చుక్కకు వరుసల మధ్య దూరం 10 పెట్టకూడదు, 8.7 సెంటీమీటర్లు పెట్టాలి. అప్పుడే ప్రతి చుక్కా చుట్టూ ఉన్న ఆరింటికీ సమాన దూరంలో ఉంటుంది. 10 పెడితే పువ్వు నిలువుగా సాగినట్టు కనిపిస్తుంది, గీసినవాళ్లకు ఎందుకో అర్థం కాదు. రోజూ వేసే అమ్మలు కొలవకుండానే ఈ దూరం పెట్టేస్తారు, వాళ్ల కన్ను సమభుజ త్రిభుజానికి అలవాటు పడిపోయింది.

మూడో వారానికి మెలికల ముగ్గు, నేల మీద కాదు, నోట్‌బుక్కులో. ఆరో తరగతిలో గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం, అంటే రెండు సంఖ్యలనూ శేషం లేకుండా భాగించే అతి పెద్ద సంఖ్య) ఎలాగూ ఉంది. 2 సెంటీమీటర్ల దూరంతో 3 వరుసల్లో నాలుగేసి చుక్కలు పెట్టించండి. పక్కపక్క చుక్కల మధ్య, పైకింది చుక్కల మధ్య సరిగ్గా నడుమ చిన్న గుర్తు. మొత్తం 17 గుర్తులు వస్తాయి: అడ్డంగా 9, నిలువుగా 8. ఏదైనా ఒక గుర్తు దగ్గర మొదలుపెట్టి ఐమూలగా గీత లాగాలి. గుర్తుల మీదుగానే పోవాలి, లోపల ఎక్కడా మళ్లకూడదు, బయటి అంచు చుక్క దాటాక మాత్రం గుండ్రంగా తిరిగి వెనక్కి రావాలి. పెన్సిలు ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికే వస్తారు. ప్రతి గుర్తు మీదా గీత రెండుసార్లు పోయి ఉంటుంది.

ఇప్పుడు 3 వరుసల్లో మూడేసి చుక్కలతో వేయమనండి. ఒక్క గీతతో కుదరదు, మూడు వేర్వేరు చుట్లు వస్తాయి. 2 వరుసల్లో నాలుగేసి (2, 4) అయితే రెండు. 4, 6 అయితే రెండు. 3, 6 అయితే మూడు. 3, 5 అయితే ఒకటి. చుట్ల సంఖ్య ఎప్పుడూ వరుసలకూ నిలువులకూ గ.సా.భా. నల్లబల్ల మీద పట్టిక రాసి ఊరుకుంటే చాలు, పది నిమిషాల్లో ఎవరో ఒకరు కనిపెట్టి అరుస్తారు.

లెక్క కుదరకపోతే నూటికి తొంభై సార్లు కారణం ఒకటే: చుక్కను చుట్టాలన్న ఆత్రంలో లోపలి గుర్తు దగ్గర మళ్లిపోయి ఉంటారు.

రాగిచెంబు
గళ్లకాగితం గారూ, మీరు చెప్పింది బాగుంది, కానీ ఒక భయం. ఇప్పటికే బళ్లలో కళ అంటే వేరే సబ్జెక్టుకు చార్టు రంగులద్దే పని అయిపోయింది. కిరణజన్య సంయోగక్రియ చార్టు మీద పువ్వుల బోర్డరు గీసి, కళను పాఠంతో కలిపాం అంటున్నారు. ముగ్గును కూడా గ.సా.భా.కు కూలి పని చేయించి వదిలేస్తే, పిల్లవాడికి మిగిలేది లెక్కే. గీత బాగుందా, ఖాళీ ఎంత వదిలాడు, బరువు ఏ పక్కకు పడింది, ఇవి ఎవరు అడుగుతారు?

ఇంకో మాట. ముగ్గు నియమం ఉన్న కళ. నియమం లేని చోట కన్ను ఎలా పనిచేయాలో కూడా ఈ ఆరు వారాల్లో ఒక వారమైనా నేర్పాలి. దానికి ఇంట్లో ఉండే చెంబు చాలు. బల్ల మీద చెంబు పెట్టి గీయమంటే దాదాపు అందరూ మూతిని రెండు కొసలున్న చేప ఆకారంలో వేస్తారు, అడుగును స్కేలుతో కొట్టినట్టు తిన్నటి గీత వేస్తారు. చెంబు గుండ్రం అని, బల్ల సమంగా ఉందని వాళ్లకు తెలుసు, ఆ తెలిసిందే గీస్తారు. కనిపించేది వేరు. మూతి అండాకారం, దానికి కొసలుండవు, రెండు పక్కలా గుండ్రంగా తిరుగుతుంది. చెంబు కంటి మట్టానికి కింద ఉంటే అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ గుండ్రంగా ఉండాలి, ఎందుకంటే మనం దాన్ని ఇంకా పై నుంచి చూస్తున్నాం. ఇది చెప్పి నమ్మించే విషయం కాదు. చెంబును కంటి ఎత్తుకు లేపి చూపించండి, మూతి ఒక్క గీతైపోతుంది. మెల్లగా దించండి, తెరుచుకుంటూ వస్తుంది. ఆ ఒక్క నిమిషంలో క్లాసు మొత్తం నిశ్శబ్దమైపోతుంది.

కొలవడానికి చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు నిలువుగా పట్టి, బొటనవేలితో ఎత్తును గుర్తుపెట్టుకోవాలి. అదే కొలతతో వెడల్పు ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. మోచెయ్యి వంగితే కొలత మారిపోతుంది. 40 మందికి ఒక చెంబు చాలదు, ఎనిమిది బల్లలకు ఎనిమిది వస్తువులు పెట్టండి: చెంబు, గరిటె, కల్వం, లాంతరు, ఏదైనా. వెనక బెంచీలకు చిన్న వస్తువులు ఇవ్వొద్దు.

గళ్లకాగితం
మీ భయం న్యాయమైందే. అందుకే గ.సా.భా. ఒక్క పీరియడే. అసలు పని దాని తర్వాత.

3×3లో మూడు చుట్లు వచ్చాయి కదా. ఒకటి ఎడమ కింది మూల నుంచి కుడి పై మూలకు వాలుగా, రెండోది దానికి అడ్డంగా, మూడోది నాలుగు వైపుల నడిమి చుక్కల బయటి నుంచి తిరిగే డైమండ్. ఇప్పుడు పిల్లలకు ఇచ్చే పని: రెండే రెండు ముడులు విప్పి మూడింటినీ ఒకే గీత చేయండి. ముడి విప్పడం అంటే రెండు గీతలు దాటుకునే చోట దాటకుండా రెండు వంపులుగా విడగొట్టడం. వేర్వేరు చుట్లు దాటుకునే చోట విప్పితే ఆ రెండూ కలిసి ఒకటవుతాయి.

కింది వరుసలో మూడు చుక్కల మధ్య రెండు గుర్తులున్నాయి. ఆ రెండింటినీ విప్పితే మూడు చుట్లూ ఒకటైపోతాయి, ఎడమ కుడి పోలిక కూడా చెడదు. కింది వరుస ఎడమ గుర్తునూ, దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న పై వరుస కుడి గుర్తునూ విప్పారనుకోండి, కనీసం ఒక చుట్టు విడిగా మిగిలిపోతుంది. ఎందుకంటే ఆ రెండు చోట్లా దాటుకునేది అదే జంట. ఈ రెండూ పక్కపక్కన వేసి "ఏది బాగుంది?" అని అడగండి. కొందరు ఒక్క గీతదే అంటారు, కొందరు రెండోది తిరుగుతున్నట్టు ఉంది, అదే బాగుంది అంటారు. రెండో గుంపు చెప్పేది కూడా నిజం. రాగిచెంబు గారు అడిగిన ప్రశ్న సరిగ్గా అక్కడ వస్తుంది. నియమం అయిపోయి ఎంపిక మొదలయ్యే చోటు అది. దించుకోవడానికి ఎదురుగా బొమ్మ ఉండదు, పిల్లవాడే తేల్చుకోవాలి.

మూడోఘంట
పాలన సంగతులు రెండు ముక్కల్లో. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంతో వచ్చిన కళల పత్రం పదో తరగతి దాకా కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. సీబీఎస్ఈ 2019లో వారానికి కనీసం రెండు పీరియడ్లు కళలకు ఇమ్మంది. 2020 విద్యా విధానం కళను అన్ని సబ్జెక్టుల్లో కలపమంది. కాబట్టి హెడ్మాస్టారితో మాట్లాడేటప్పుడు "రెండు పీరియడ్లు జంటగా, నెలకు రెండుసార్లు" అని అడగండి. 40 నిమిషాల్లో 10 నిమిషాలు సర్దడానికి, 10 నిమిషాలు ఊడ్చడానికి పోతాయి. 80 నిమిషాల జంట పీరియడ్‌లో గంట పని జరుగుతుంది. ఆరు వారాల లెక్కలో నేల మీద వేసే రెండు వారాలకైనా ఇది చూసుకోండి.

"ముగ్గు ఆడపిల్లల పని" అన్న మాట క్లాసులో మొదటి రోజే వస్తుంది. దానికి ఉపన్యాసం వద్దు. గుంపులు ఐదుగురికి ఒకటి చొప్పున ఎనిమిది, ప్రతి గుంపులోనూ కలిపి వేయండి, చుక్కలు పెట్టేది ఒకరు, పురికొస పట్టేది ఇద్దరు, గీత ఇద్దరు. వారం వారం పనులు మార్చండి. గుంపుకు ఒక టీ గ్లాసు పిండి సరిపోయి మిగులుతుంది. పండగలు వేరే అయిన పిల్లలు కూడా ఉంటారు కనుక దీపాలు, దేవుడి గుర్తులు పాఠంలో పెట్టకండి. చుక్క, గీత, వంపు అందరివీ.

బళ్లలో ఇది కొత్త ఆలోచన కూడా కాదు. శాంతినికేతన్ కళాభవన్ 1919లో మొదలైంది, అక్కడ చిత్రకారుడు నందలాల్ బోస్ కాలంలోనే బెంగాలీ పల్లె ఆడవాళ్లు వేసే అల్పన ముగ్గులను చదువులో చేర్చారు. మన బందరు జాతీయ కళాశాలలో చదువుతో పాటు చిత్రలేఖనం, చేతిపనులు నడిచాయి, అడివి బాపిరాజు అక్కడ ప్రమోద్ కుమార్ ఛటర్జీ దగ్గర నేర్చుకున్నవారే.

గునుగుపువ్వు
ముగ్గు ఒక్కటే ఎందుకు, బతుకమ్మ కూడ పెట్టుండ్రి. గుండ్రంగ పేర్చుడు, రంగు పక్కన ఏ రంగు, ఎత్తు ఎట్ల తగ్గాలె, అన్నీ ఉంటయి అండ్ల. తాంబాలం మీద గుమ్మడాకులో ఆముదపాకులో పరవాలె. గునుగు కాడలు అన్నీ ఒక్క పొడుగు కోయాలె, ఒక్కటి పొడుగైనా వరుస పైకి లేస్తది. కాడలు లోపలికి, పువ్వులు బయటికి. ఒక్కో వరుస అయినంక నడుమ ఖాళీల తరిగిన ఆకు గట్టిగ నింపాలె. అది నింపకుంట పైపైకి పేరిస్తే మూడో వరుసకే నడిమిట్ల కుంగుతది. పై వరుస కింది దానికన్న ఒక వేలు మందం లోపలికి రావాలె, ఒకేసారి ఎక్కువ లోపలికి తెస్తే మెట్టు లెక్క కనవడతది.

రంగుల సంగతి: తంగేడు పసుపు, గునుగు తెలుపు. తెల్ల గునుగును రంగు నీళ్లల్ల ముంచి ఆరబెడుతరు. ముంచిన పువ్వు తడి ఆరకుంట పేరిస్తే పక్క తెల్ల వరుసకు రంగు దిగుతది, ఒక రాత్రి నీడల ఆరనియ్యాలె.

ముగ్గుల రంగుకు అంగడి రంగులు కొనకుంట పసుపుతోని చేయించుండ్రి. నాలుగు చెంచాల బియ్యప్పిండికి ఒక చెంచా పసుపు. అండ్ల సగం వేరే గిన్నెల తీసి, వంట సోడా కలిపిన నీళ్లు నాలుగు చుక్కలు వేసి నలిపితే ఎర్రగ తిరుగుతది. నిమ్మరసం పడితే మళ్ల పసుపే. సున్నంతోని ఇంకా ఎర్రగ వస్తది గని పిల్లల కండ్లల్ల పడితే ప్రమాదం, వద్దు. ఎండకు ఈ రంగు వెలిసిపోతది, సాయంత్రానికే తేడా తెలుస్తది.

దూరపుబడి
విదేశాల్లో వారాంతపు తెలుగు బడులకు నేల దొరకదు, అద్దె గదిలో కార్పెట్ ఉంటుంది. అక్కడ పళ్లెం పద్ధతి పనికొస్తుంది. అంచున్న స్టీలు పళ్లెంలో ముదురు రంగు కాగితం పరిచి, చిటికెడు బొంబాయి రవ్వతో గీత వేయించండి. రవ్వ గింజ పెద్దది కనుక చిన్న వేళ్ల మధ్య నుంచి తేలిగ్గా జారుతుంది, ధూళి లేవదు, చెరిపి మళ్లీ డబ్బాలో పోసుకోవచ్చు. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇది పిండి కన్నా ముందు మెట్టు. ఎండాకాలంలో ఇంటి ముందు సిమెంటు దారి మీద లావుపాటి సుద్దముక్కలు వాడుకోవచ్చు, కానీ సుద్ద గీతను నేల పట్టుకుంటుంది, పిండి గీతను గాలిలో ఉన్న చెయ్యి పట్టుకోవాలి. సుద్దతో మెలికల ముగ్గు వంపులు నేర్పండి, చేతి పట్టు మాత్రం రవ్వతోనే.

నల్లబల్ల
చాలా ఉపయోగపడింది, అందరికీ ధన్యవాదాలు. మార్కుల సంగతి ఎవరైనా చెప్పండి. రికార్డులో ఏదో ఒకటి రాయాలి కదా. మెలికలు తిరిగిన పెద్ద ముగ్గుకు ఎక్కువ, చిన్నదానికి తక్కువ అన్నట్టయిపోతుంది.

రాగిచెంబు
అయిపోయిన బొమ్మకు మార్కులు వేయకండి. మూడు సంగతులు చూడండి. గీత మందం మొదటి నుంచి చివరి దాకా ఒకేలా ఉందా? ఏ మార్పు చేశాడో, ఎందుకు చేశాడో రెండు వాక్యాల్లో చెప్పగలడా? మొదటి వారం గీతకూ ఆరో వారం గీతకూ తేడా ఉందా? మూడోదానికి మొదటి వారం నోట్‌బుక్కు పేజీ చింపకుండా ఉంచమనండి. నేల మీది గీతలు మిగలవు కనుక అవే గీతలను తేదీతో నోట్‌బుక్కులో కూడా వేయించండి. 4, 6 చుక్కలతో పేజీ నింపినవాడు, 2, 3 చుక్కల ఏడు గుర్తులను తడబడకుండా కలిపినవాడు, రెండోవాడికి ఎక్కువ రావచ్చు. ఆ సంగతి క్లాసుకు ముందే చెప్పండి, లేకపోతే అందరూ పెద్దదానికే ఎగబడతారు.

వాకిలి
చివరి వారం ప్రదర్శన పెట్టేవాళ్లకు ఒకటి. కొందరు ముగ్గు చెరిగిపోతుందని ఆయిల్ పెయింటుతో వరండాలో శాశ్వతంగా వేయించేస్తారు. అలా చేస్తే తర్వాతి ఏడాది పిల్లలకు నేల ఉండదు. రెండు మూడు రోజులు నిలవాలంటే తడి పిండి ముగ్గు వేయించండి. ఒక గ్లాసు బియ్యం రెండు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, మజ్జిగ పలచన అయ్యేదాకా నీళ్లు కలపాలి. చిన్న నూలు గుడ్డ ముక్కను అందులో ముంచి అరచేతిలో పట్టుకుని నెమ్మదిగా పిండితే పిండినీళ్లు ఉంగరపు వేలి మీదుగా దిగుతాయి, ఆ వేలితోనే గీత. వేసేటప్పుడు లేతగా కనపడుతుంది, ఆరాక తెల్లబడుతుంది, కాబట్టి కనపడటం లేదని రెండోసారి వేయనివ్వకండి. చిక్కనైతే గీత తెగుతుంది, మరీ పలచనైతే ఆరాక మరక మాత్రమే మిగులుతుంది. ముందు ఒక మూల జానెడు గీత వేసి, ఆరాక చూసి, అప్పుడు నీళ్లు సరిచేసుకోండి. బియ్యప్పిండి కనుక చీమలు వస్తాయి, తరగతి గుమ్మానికి ఆరడుగుల దూరంలో వేయించండి. మిగిలిన పిండినీళ్లు మర్నాటికి పులిసిపోతాయి, ఆ రోజే వాడేయాలి.